సొకోబాన్: పెట్టెలు నెట్టే ఆట చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సొకోబాన్ ఆట పుట్టుకను, వ్యాప్తిని వివరించగలుగుతారు.
• సులువైన నియమం కఠినమైన సమస్యకు ఎలా దారితీసిందో చెప్పగలుగుతారు.
• ఒక ఆట కాలానికి నిలవడానికి గల కారణాలను చర్చించగలుగుతారు.

1. పరిచయం

వీడియో గేమ్ అనగానే తుపాకులు, పరుగుపందేలు గుర్తుకు రావడం సహజం. ఇవేవీ లేని ఒక ఆట నాలుగు దశాబ్దాలుగా నిలిచి ఉంది. అందులో ఒక గిడ్డంగి, కొన్ని పెట్టెలు, వాటిని నెట్టే మనిషి ఉంటారు. అంతకు మించి ఏమీ లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకోదగిన ఆ ఆట పేరు సొకోబాన్. జపాన్ భాషలో ‘సోకో’ అంటే గిడ్డంగి, ‘బాన్’ అంటే కాపలాదారు. మొదట ఈ ఆట నడిచిన యంత్రాలు ఇవాళ వాడుకలో లేవు. ఆట మాత్రం మిగిలింది. అది ఎలా మిగిలింది? మిగలడానికి ఏమి కోల్పోయింది? ఈ రెండు ప్రశ్నలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. ఆవిర్భావం

హిరోయుకి ఇమబయాషి 1981లో ఈ ఆటను రూపొందించాడు. జపాన్‌లోని తకరజుక నగరానికి చెందిన థింకింగ్ రాబిట్ సంస్థ 1982 డిసెంబరులో దీనిని విడుదల చేసింది.

ఆ కాలాన్ని గమనించండి. స్పేస్ ఇన్వేడర్స్ (1978), ప్యాక్-మ్యాన్ (1980) వంటి జపాన్ ఆటలు అప్పటికే లోకాన్ని ఊపేస్తున్నాయి. అవి నాణెం వేసి ఆడే ఆటలు. ఆటగాడు త్వరగా ఓడితేనే పెట్టెలో మరో నాణెం పడుతుంది. కాబట్టి వాటికి వేగం ప్రాణం. ఎన్.ఇ.సి. సంస్థ 1981లో తెచ్చిన పీసీ-8801 వంటి ఇంటి కంప్యూటర్లకు ఆ తొందర లేదు. ఆడేవాడు గంటసేపు ఆలోచించినా నష్టపోయేవారు లేరు. సొకోబాన్ వంటి నిదానమైన ఆటకు ఆ యంత్రమే తగిన చోటు.

3. ఒకే ఒక నియమం

గళ్ళు గళ్ళుగా ఉన్న గిడ్డంగిలో ప్రతి పెట్టెనూ గుర్తు పెట్టిన గడిలోకి చేర్చాలి. కాపలాదారు పెట్టెను నెట్టగలడు కాని లాగలేడు. ఒకసారి ఒక పెట్టెనే నెట్టగలడు. ఆట మొత్తానికి ఆధారం ఈ నియమమే.

నెట్టడమే తప్ప లాగడం లేదు కనుక పెట్టె మూలలో చిక్కితే ఇక బయటకు రాదు. గోడ వెంట చేరిన పెట్టె ఆ గోడ వెంటే కదలాలి. ఆ వరసలో గమ్యం లేకపోతే ఆట అక్కడితో ముగిసినట్టే. అయితే ఆ సంగతి ఆటగాడికి వెంటనే తెలియదు. ఇరవై ఎత్తుల తరవాత, చివరి పెట్టె దగ్గర, మొదటి పెట్టె విషయంలో చేసిన పొరపాటు బయటపడుతుంది.

అష్టాచెమ్మాలో గవ్వలు సరిగా పడలేదని సర్దిచెప్పుకోవచ్చు. చదరంగంలో ఎదుటివాడు గట్టివాడని అనుకోవచ్చు. ఇక్కడ అదృష్టమూ లేదు, ప్రత్యర్థీ లేడు. తప్పు జరిగితే అది ఆడినవారిదే.

4. వ్యాప్తి

1988లో స్పెక్ట్రమ్ హోలోబైట్ సంస్థ ఈ ఆటను అమెరికా విపణిలోకి తెచ్చింది. టెట్రిస్‌ను అక్కడ ప్రచురించిన సంస్థ కూడా అదే. తరవాత నింటెండో వారి గేమ్ బాయ్ మీద ‘బాక్సల్’ అనే పేరుతో వచ్చింది. యూనిక్స్ కంప్యూటర్ల మీద ‘ఎక్స్‌సొకోబాన్’ పేరుతో విశ్వవిద్యాలయాలకు చేరింది.

ఈ వ్యాప్తిలో కంపెనీల పాత్ర కంటే ఆటగాళ్ళ పాత్రే ముఖ్యమైనది. గోడకు హాష్ గుర్తు, పెట్టెకు డాలరు గుర్తు, గమ్యానికి చుక్క, మనిషికి అట్ గుర్తు. కీబోర్డు మీద ఉండే ఈ గుర్తులతో గిడ్డంగి మొత్తాన్ని రాయవచ్చు. బొమ్మలు అవసరం లేదు. కాబట్టి ఒకరు కట్టిన చిక్కుముడి ఉత్తరంలా మరొకరికి చేరింది. ఆడినవారే కొత్త గిడ్డంగులు కట్టేవారయ్యారు.

5. పరిశోధకుల దృష్టిలో సొకోబాన్

1997లో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. అదే ఏడాది కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ కల్బర్సన్ సొకోబాన్ ‘పీ-స్పేస్ సంపూర్ణ’ సమస్యల తరగతికి చెందుతుందని నిరూపించాడు. గిడ్డంగి ఎంత పెద్దదైనా తక్కువ సమయంలో పరిష్కారం ఇవ్వగల సార్వత్రిక పద్ధతి ఈ తరగతి సమస్యలకు ఇంతవరకు తెలియదు.

అదే విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ యుంగ్‌హాన్స్, జొనాథన్ షెఫర్ ‘రోలింగ్ స్టోన్’ అనే ప్రోగ్రాము రాశారు. ఎక్స్‌సొకోబాన్‌లోని 90 గిడ్డంగులలో సగానికి పైగా అది సాధించింది కాని అన్నింటినీ సాధించలేదు. చెకర్స్ ఆటకు 2007లో పరిష్కారం చూపిన బృందానికి నాయకుడు ఈ షెఫరే. అంతటివాడికీ ఈ ఆట పూర్తిగా లొంగలేదు. 2017లో డీప్‌మైండ్ పరిశోధకులు, ముందుచూపుతో నిర్ణయం తీసుకోవడం యంత్రానికి నేర్పే ప్రయత్నంలో, ఈ ఆటనే పరీక్షగా పెట్టారు. సరిదిద్దలేని తప్పును ముందే పసిగట్టగలదా అన్నదే ఆ పరీక్షలోని కీలకాంశం.

6. మిగిలినది, పోయినది

యంత్రానికి కట్టుబడిన ఆట ఆ యంత్రంతోపాటే కనుమరుగవుతుంది. సొకోబాన్ నియమాన్ని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు, గిడ్డంగిని కాగితం మీద రాయవచ్చు. అందుకే అది ఏ యంత్రం మీదకైనా మారగలిగింది.

ఆ సౌలభ్యానికి మూల్యం కూడా ఉంది. మన చాటుపద్యాలను చూడండి. నోటి నుంచి నోటికి సాగిన కొద్దీ పద్యం బతికింది, కవి పేరు చాలాసార్లు చెరిగిపోయింది. సొకోబాన్‌కూ అదే జరిగింది. ఎన్నో పేర్లతో, ఎన్నో అనుకరణలతో అది చేతి ఫోన్ల దాకా వచ్చింది. వాటిని ఆడేవారిలో ఇమబయాషి పేరు విన్నవారు అరుదు. అమ్మకాల లెక్కలతో మాత్రమే ఆటల చరిత్ర రాస్తే ఇటువంటి రచయితలు, గిడ్డంగులు కట్టి పంచిన అజ్ఞాత ఆటగాళ్ళు అందులో కనబడరు. వారిని వెతికి నమోదు చేయడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

7. సారాంశం

1982లో జపాన్‌లో వెలువడిన సొకోబాన్ ‘నెట్టవచ్చు, లాగరాదు’ అనే ఒక్క నియమం మీద నిలిచింది. ఆ నియమం పిల్లలకు ఆట అయింది, పరిశోధకులకు సమస్య అయింది. సులువుగా నకలు చేయగలగడం వల్ల ఆట బతికింది. అదే కారణంగా దాని కర్త మరుగున పడ్డాడు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. నాణెం వేసి ఆడే ఆటలకూ ఇంటి కంప్యూటర్ ఆటలకూ గల భేదాన్ని సొకోబాన్ ఆధారంగా వివరించండి.
2. సొకోబాన్ వ్యాప్తిలో ఆటగాళ్ళ పాత్రను చర్చించండి.
3. మీ ప్రాంతంలో ఆడే, కర్త పేరు తెలియని ఒక ఆట నియమాలను పెద్దలను అడిగి నమోదు చేయండి.