మందు సీసాలు నడిపిన పత్రికలు

పెద్ద పోస్టు. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక మాట వచ్చింది. మన సభ్యురాలు ఒక అమ్మాయి బెళ్ళందూరులోని చిన్న చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పేజీలు నడుపుతుంది. ఆంధ్రా మెస్సు, పచ్చళ్ళ కొట్టు, టైలరు, పళ్ళ డాక్టరు, సైకిల్ రిపేరు, ట్యూషన్ సెంటరు, ఇలా ఎనిమిది ఉన్నాయి. అప్పుడప్పుడు మన గ్రూపులో కూడా వాటి సంగతులు పెడుతుంది. "ఇది భాషా సంస్కృతుల సంఘం, వ్యాపారం ఇక్కడెందుకు? ఆపించండి" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. వచ్చే మీటింగులో తీర్మానం పెడతారట.

ఆ రోజు నేను నోరు విప్పలేదు. ముప్పై ఏళ్ళు రైల్వేలో చేసినవాడిని. నా దగ్గర జవాబు కూడా ఫైలు లాగా నాలుగు బల్లలు తిరిగి గానీ రాదు. ఇప్పుడు వచ్చింది, రాస్తున్నాను.

మా ఊరు అరక్కోణం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మద్రాసు నుంచి బొంబాయికి వెళ్ళే పాత లైను మా ఊరి మీదుగానే పోతుంది. రేణిగుంట, కడప, గుంతకల్లు దాటి రాయచూరు చేరుతుంది. 1871లో రెండు వైపుల నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు రాయచూరు దగ్గర కలిశాయి. నేను పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, స్టేషన్ల పేరు బోర్డుల మీద, పార్సిల్ పెట్టెల మీద అంటించిన కాగితాల మీద. 'అ' అంటే నాకు అమ్మ కాదు, అమృతాంజనం! అందుకే ఈ కథ కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరి 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. ఊరు కాని ఊరు, పేరు లేని మందు. ఎవరు కొంటారు? పంతులు గారు సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచారని చెబుతారు. ఇందులో ఉపాయం చూడండి. కచేరీకి వచ్చేవాళ్ళు గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. నుదుటికి రాసుకుంటే చల్లగా ఉంటుంది, పక్కవాడికి వాసన తగులుతుంది, "ఏమిటండీ అది?" అని అడుగుతాడు. అక్కడికి సగం అమ్మకం అయిపోయినట్టే. ఈ రోజు మన అమ్మాయి చెప్పే "శాంపిల్ ఇవ్వాలి, జనం ఎక్కడుంటే అక్కడికి మనమే వెళ్ళాలి, వాళ్ళే నలుగురికీ చెప్పాలి" అన్న మూడు సూత్రాలూ అందులో ఉన్నాయి.

అయితే పంతులు గారిని అక్కడితో ఆపితే ఆయన మంచి వ్యాపారి మాత్రమే. 1907లో సూరత్ కాంగ్రెసుకు వెళ్ళివచ్చాక తెలుగువాళ్ళకు ఒక మంచి పత్రిక కావాలన్న ఆలోచన ఆయనలో గట్టిపడింది. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. ఎక్కడ? బెజవాడలో కాదు, రాజమండ్రిలో కాదు, బొంబాయిలో! మనం ఈ రోజు బెళ్ళందూరులో తెలుగు గ్రూపు పెట్టుకున్నట్టే అది కూడా పరాయి ఊళ్ళో పుట్టిన తెలుగు. 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైంది. ఉగాదికి ప్రత్యేక సంచికలు సరేసరి. వీటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా భాగం ఆ పసుపు రంగు మందు సీసా నుంచే. తలనొప్పి మందు లాభంతో సాహిత్యం, చరిత్ర పరిశోధన, స్వాతంత్ర్యోద్యమ వార్తలు అచ్చయ్యాయి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది కూడా మద్రాసులో ఆయన ఇంట్లోనే.

అదే మద్రాసులో ఇంకొకాయన డాక్టర్ కె.ఎన్. కేసరి గారు. ఒంగోలు ప్రాంతం నుంచి పేదరికంలో చిన్నప్పుడే మద్రాసు చేరి, వైద్యం నేర్చుకుని, కేసరి కుటీరం అనే ఆయుర్వేద మందుల సంస్థ పెట్టారు. ఆయన 'లోధ్ర' ఆడవాళ్ళ మందుగా ఊరూరా పేరుపడింది. 1928లో ఆయన గృహలక్ష్మి అనే మాసపత్రిక మొదలుపెట్టారు. లోధ్ర ఎవరి కోసమో గృహలక్ష్మి కూడా వాళ్ళ కోసమే. లెక్క చూస్తే ఇది పచ్చి మార్కెటింగే. కానీ ఆ పత్రికలో ఏముంది? కనుపర్తి వరలక్ష్మమ్మ గారి 'శారద లేఖలు' అందులో వచ్చాయి. ఆడవాళ్ళ చదువు గురించి, ఆచారాల గురించి, చట్టాల గురించి ఒక స్నేహితురాలు రాసినట్టుండే ఉత్తరాలు అవి. ఇంట్లో కూర్చుని పత్రిక చదివే స్త్రీకి బయటి లోకం గురించి ఎవరు చెబుతారు ఆ రోజుల్లో? తర్వాత కేసరి గారు రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఏర్పాటు చేశారు. 1934లో మొదటిది వరలక్ష్మమ్మ గారికే. మందు అమ్మిన డబ్బు ఒక రచయిత్రి చేతికి బంగారు కంకణమైంది.

తమిళ మీడియం వాడిని కాబట్టి ఇంకో ముక్క చెప్పకుండా ఉండలేను. అదే 1928లో అదే మద్రాసులో ఎస్.ఎస్. వాసన్ ఆనంద వికటన్ పత్రికను తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కూడా పోస్టులో సరుకులు అమ్ముతూ, పత్రికలకు ప్రకటనలు సేకరిస్తూ పైకి వచ్చినవారే. నేను బడిలో తమిళం బాగా నేర్చుకున్నానంటే అందులో సగం పుణ్యం వికటన్‌ది.

ఈ వ్యాపారాలన్నీ ఎలా నడిచాయో మా డిపార్ట్‌మెంటు వాడిగా చెప్పాలి. 1877లో మన దేశంలో వి.పి.పి. వచ్చింది. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే చాలు. సరుకు ఇంటికి వస్తుంది, డబ్బు పోస్టుమాన్ చేతిలో పెట్టి తీసుకోవాలి. ఈ రోజు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది అదే. పత్రిక నమ్మకం పుట్టించేది, పోస్టాఫీసు డబ్బు వసూలు చేసేది, రైలు సీసాలు మోసేది. ఈ మూడింటిలో మొదటిది కూలితే మిగతా రెండూ ఖాళీగా తిరగాల్సిందే.

బయటి దేశాల్లోనూ ఇదే కాలం. అమెరికాలో నాగళ్ళు చేసే జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ది ఫర్రో అనే పత్రిక పెట్టింది. ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కార్లవాళ్ళకు దారులు, హోటళ్ళు చెప్పే గైడు పుస్తకం ఉచితంగా పంచింది. ఇప్పుడు కంటెంట్ మార్కెటింగ్ పాఠాల్లో మొదట చెప్పేది ఈ రెండు పేర్లే. ఆ పాఠాల్లో మన పంతులు గారి పేరు, కేసరి గారి పేరు కూడా ఉండాలి కదా!

ఇంతవరకు చదివి ఆ కాలమంతా బంగారమనుకోకండి. ఆ పాత పత్రికల్లో ఒక్క సీసాతో పది జబ్బులు పోతాయని చెప్పిన ప్రకటనలు కొల్లలు. నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు, అసలు వైద్యం మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మాయ మందుల ప్రకటనల మీద కేంద్రం చట్టం చేసింది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదని అందులో ఒక జాబితా ఉంది. షుగరు ఆ జాబితాలో ఉంది. ఇక 2021లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి, డబ్బు తీసుకుని పెట్టే పోస్టు మీద అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి. ఆమె చేతిలో ఇప్పుడు ఎనిమిది వ్యాపారాలు ఉన్నాయని మొదట రాశాను. మూడు నెలల క్రితం తొమ్మిది ఉండేవి. ఆ తొమ్మిదోది ఒక చికిత్సా కేంద్రం. పేరు వద్దు. మిగతా అందరికంటే ఎక్కువ డబ్బు ఇచ్చేది అదే. దాన్ని ఆమెకు పరిచయం చేసింది నేనే. వాళ్ళు ఒక రోజు "నలభై రోజుల్లో షుగరు పూర్తిగా మాయం" అని రీలు చేసి పెట్టమన్నారు. ఆమె కుదరదంది. వాళ్ళు నాకు ఫోన్ చేశారు. నేను మాట పోతుందని ఆమె ఇంటికి వెళ్ళి, "పెట్టేయమ్మా, రీలే కదా, ఎవరు పట్టించుకుంటారు" అన్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

ఆమె నా వైపు చూసి, "బాబాయ్, ఆ రీలు చూసి మీరు షుగరు బిళ్ళలు మానేస్తారా?" అంది.

నాకు పదకొండేళ్ళుగా షుగరు. నోట మాట రాలేదు. ఆ నెలతో ఆ పని పోయింది. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంకో సంగతి. 2022 సెప్టెంబరు వానలకు మన రింగురోడ్డు పక్కన లేఅవుట్లు మునిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడే ఆమె ఈ పని మొదలుపెట్టింది. మెస్సు పేజీలో ఆ వారం గోంగూర పప్పు ఫోటో ఒక్కటి కూడా పెట్టలేదు. ఏ రోడ్డు మీద నీళ్ళున్నాయి, ఏ సందు తెరిచి ఉంది, భోజనం ఎక్కడికి పంపగలరు, ఇవే గంటగంటకూ కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో పెట్టింది. ఆ పేజీని మా అపార్ట్‌మెంటులో మెస్సు గడప తొక్కనివాళ్ళు కూడా చూశారు. వాన తగ్గాక వాళ్ళలో చాలామంది అక్కడికి భోజనానికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

పంతులు గారు, కేసరి గారు చేసింది ఇదే అని నాకు అనిపిస్తుంది. సరుకు పేరు తీసేసినా చదివినవాడి చేతిలో ఏదో ఒకటి మిగలాలి. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. కానీ భారతి పాత సంచికల కోసం పరిశోధకులు ఇవాళ్టికీ వెతుకుతారు. ఏమీ మిగలకపోతే అది ఉత్త ప్రకటన. అబద్ధం మిగిలితే అది మోసం.

అందుకని వచ్చే మీటింగులో నా వైపు నుంచి ఇంకో తీర్మానం పెడతాను. వ్యాపారం పోస్టులు పూర్తిగా ఆపవద్దు. మూడు షరతులు చాలు. ఒకటి, డబ్బు తీసుకుని పెట్టింది అయితే పైనే 'ప్రకటన' అని తెలుగులో రాయాలి. రెండు, జబ్బులు నయం చేస్తామనే మాటలు ఎవరివైనా సరే తీసేయాలి. మూడు, కొననివాడికి కూడా పనికొచ్చే సంగతి ఒకటైనా అందులో ఉండాలి. ఈ మూడూ ఆ అమ్మాయి మనం చెప్పకముందు నుంచే పాటిస్తోంది. రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపే మనం మూడో షరతుకు నిలబడతామో లేదో చూసుకోవాలి!

మీ ఇళ్ళలో పాత ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు గానీ, గృహలక్ష్మి గానీ ఉంటే దయచేసి కాగితాల వాడికి వేయకండి. ఒక్క ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకెళతాను. ప్రకటనల పేజీలు చింపకుండా ఉంచండి. నాకు ముందు కావలసినవి అవే.

సెలవు.