ఆ మంత్రసానులు ఎవరివాళ్ళు?

యూదులు తమ తోరాను 54 భాగాలు చేసుకుని, శనివారం శనివారం ప్రార్థనామందిరంలో వరసగా చదువుతూ ఏడాదికి పూర్తిచేస్తారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు. మొదట్నుంచీ అందరిదీ ఇదే పద్ధతి కాదు. బాబిలోనియా యూదులు ఏడాదిలో ముగిస్తే, పాలస్తీనా యూదులు సుమారు మూడేళ్ళు తీసుకునేవారు. 12వ శతాబ్దపు యాత్రికుడు తుదేలా బెంజమిన్ ఈజిప్టులో ఒకే ఊళ్ళో ఈ రెండు పద్ధతుల మందిరాలూ చూశాడు. చివరికి బాబిలోనియా లెక్కే నిలిచింది. వాళ్ళకీ మనలాగే అధికమాసం ఉంది, 19 ఏళ్ళలో ఏడుసార్లు. అది రాని ఏడాది కొన్ని భాగాలను జతచేసి ఒకే వారంలో చదివేస్తారు. ఈ లెక్కకి ప్రోగ్రాం రాయడం భలే సరదా పని, కానీ అది వేరే వ్యాసం.

నా సందేహం వేరు. ఎవరికి వాళ్ళు మూలం రెండుసార్లు, అరమాయిక్ అనువాదం ఒకసారి చదువుకోవాలని తాల్ముద్ చెప్తుంది. చదవడం వరకూ సరే, మరి అర్థం? ఏ పాత గ్రంథంలోనైనా మనకు కావలసిన నీతి వెతికితే దొరుకుతుంది. మనం పట్టుకెళ్ళి అక్కడ పెట్టిందే మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటాం. పారాయణాల మధ్య పెరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ జబ్బుకి మందు నాకు నెహమా లైబోవిట్స్ దగ్గర దొరికింది. 1905లో రీగాలో పుట్టి, జర్మనీలో చదివి, 1930లో డాక్టరేట్ తీసుకుని ఆ ఏడాదే జెరూసలేం చేరిన పంతులమ్మ. 1942లో, కోర్సు అయిపోయినా చదువు ఆపడం ఇష్టంలేని విద్యార్థినుల కోసం ఆ వారం పరాషా మీద ప్రశ్నలు రాసి పంపడం మొదలుపెట్టింది. ఆ కాగితాలు చేతులు మారి దేశమంతా పాకాయి. జవాబులు పోస్టులో వచ్చేవి, ఆవిడే దిద్ది వెనక్కి పంపేది. 1971 దాకా, దాదాపు ముప్పై ఏళ్ళు! ఆవిడకి ఇష్టమైన ప్రశ్న ఒకటే: ఇక్కడ రాషీకి ఏం ఇబ్బంది వచ్చింది? రాషీ 11వ శతాబ్దపు ఫ్రాన్స్ వ్యాఖ్యాత. వ్యాఖ్య రాశాడంటే మూలంలో ఏదో మాట గుచ్చుకుని ఉండాలి. ముందు ఆ మాట చూపించు, నీతి తర్వాత.

నిర్గమకాండం మొదటి భాగాన్నే తీసుకోండి. హెబ్రీయులకు మగపిల్లలు పుడితే పురిటిలోనే చంపేయమని ఫరో ఇద్దరు మంత్రసానులకు చెప్తాడు. వాళ్ళు దేవుడికి భయపడి చంపరు. ఈ భాగం పేరు షెమోత్, అంటే పేర్లు. మంత్రసానులకు షిఫ్రా, పూయా అని పేర్లున్నాయి. ఫరోకి లేదు.

వాళ్ళు ఎవరు? హీబ్రూ మూలంలో అచ్చుగుర్తులు ఉండవు. తర్వాత చేర్చిన గుర్తుల ప్రకారం చదివితే వాళ్ళు హెబ్రీ మంత్రసానులు. ఒక్క గుర్తు మార్చి చదివితే హెబ్రీ స్త్రీలకు పురుడుపోసేవాళ్ళు. తెలుగులో 'హెబ్రీయుల మంత్రసానులు' అన్నా ఇదే తిరకాసు. రాషీ లెక్కలో వాళ్ళు మోషే తల్లి, అక్క. అబర్బనేల్ ఒప్పుకోడు: సొంతజాతి పిల్లల్ని చంపుతారని ఫరో ఎలా నమ్ముతాడు, వాళ్ళు ఈజిప్టువాళ్ళే అంటాడు. మొదటి శతాబ్దంలో జోసీఫస్ చెప్పిందీ అదే. కాబట్టి ఇది ఆధునికులు తమ సౌకర్యం కోసం కల్పించుకున్న అర్థం కాదు.

లైబోవిట్స్ ఈ 'దేవుడి భయం' అన్న మాటను పట్టుకుని తోరాలో ఇంకెక్కడెక్కడ వచ్చిందో వెతుకుతుంది. గెరారులో అబ్రాహాము, ఇక్కడ దేవుడి భయం లేదు, నన్ను చంపేస్తారనుకుంటాడు. వెనకబడిన నీరసులమీద పడి కొట్టిన అమాలేకుకి ఆ భయం లేదు. పరాయివాళ్ళ గురించి ఈ మాట వచ్చినచోటల్లా కొలబద్ద ఒకటే: దిక్కులేనివాడిని, బయటివాడిని ఎలా చూశారు? మంత్రసానులు ఈజిప్టువాళ్ళయితే, పై అధికారి చెప్పాడన్న సాకు ఎవరికీ చెల్లదని ఈ కథ చెప్తోందని ఆవిడ రాసింది. 1942లో మొదలైన ప్రశ్నలు మరి, ఆ మాట ఎంత బరువైనదో తెలుస్తూనే ఉంది.

నేను మొగ్గేది కూడా అటే. రాషీ చెప్పినట్టయితే అది ఒక కుటుంబం తనవాళ్ళని కాపాడుకున్న కథ. గొప్పదే, కానీ అర్థం చేసుకోవడం కష్టం కాదు. రెండోది కష్టం. 'పైనుంచి చెప్పారు' అన్న మాట మా సాఫ్ట్‌వేర్ పనిలో రోజూ వినేదే. ఒకచోట, చందా రద్దుచేసే బటన్ కస్టమర్లకి కనపడకుండా పెట్టమన్నారు. మా టెస్టింగ్ అమ్మాయి ఎవరితోనూ వాదించలేదు. ప్రతి విడుదలకీ 'రద్దు బటన్ దొరకడం లేదు' అని లోపంగా నమోదుచేసి పంపేది. పసిపిల్లల ప్రాణాలకీ దీనికీ పోలిక లేదు, తెలుసు. కానీ హెబ్రీ స్త్రీలు చురుకైనవాళ్ళు, మేం వెళ్ళేలోపే కనేస్తున్నారని ఫరోకి చెప్పిన ఆ సంజాయిషీ చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

ఆ సంజాయిషీతో ఫరో ఆగలేదు. పుట్టిన ప్రతి మగబిడ్డనూ నదిలో పడేయమని వెంటనే ప్రజలందరికీ చెప్తాడు. తర్వాతి అధ్యాయంలో నది దగ్గర నించి ఒక బిడ్డని తీయించింది అతని కూతురే. ఆమె ఏ జాతిదన్న విషయంలో మాత్రం వ్యాఖ్యాతలెవరికీ పేచీ లేదు.