మామగారి కారు, అత్తగారి చిల్లులు

హనుమకొండలో మా పెరటి రేకుల షెడ్డులో ఓ అంబాసిడర్ కారుంది. 1968లో మా మామగారు కొన్నది. ఇరవై ఏళ్లయి కదలడం లేదు. కదలకపోయినా ఎవరికీ అడ్డమూ లేదు. ఏటా ఓ పిల్లి అందులోనే ఈనేది. నా పాత జాడీలూ, పెళ్లినాటి గంగాళమూ వెనకసీట్లో దర్జాగా కూర్చునేవి. కిందటి సంక్రాంతికి పిల్లలంతా చేరినప్పుడు ఎవరో సరదాకి దానిమీది టార్పాలిను లాగారు. ఇంకేముంది, ఇంట్లో కురుక్షేత్రం మొదలైంది.

మా పెద్దవాడిది ఒక పక్షం. బెంగుళూరులో ఉంటాడు. "పైకి తాతయ్య కారులాగే ఉండాలమ్మా, లోపల మాత్రం అంతా కొత్తది వేయిద్దాం" అన్నాడు. అంటే ఇసుజు ఇంజను, కింద గేరు, విడివిడి సీట్లు, ఏసీ, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు. మా అల్లుడిది రెండో పక్షం. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలట, మరమేకుతో సహా. ఇక మావారు ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల పక్షం. నన్నెవరూ అడగలేదు. అడగని విషయాన్ని కూర్చుని చదువుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. అలా చదివిందే ఇది.

ముందు నాకొచ్చిన అనుమానం, అసలు 'అసలు' అంటే ఏమిటని. అల్లుడు ఏ అంబాసిడర్‌ని అసలంటున్నాడు? ఆ మాటకొస్తే అంబాసిడరే అసలు కాదు. అది ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకం. అక్కడ 1956లో వచ్చి 1959కల్లా ఆగిపోయింది. ఇక్కడ, బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో దాన్నే అంబాసిడర్ పేరుతో తయారుచెయ్యడం మొదలుపెట్టి, 2014 మే నెలదాకా చేస్తూనే ఉన్నారు. పుట్టింట్లో మూడేళ్లు, అత్తింట్లో యాభై ఏళ్లకు పైన! మన ఆడవాళ్ల కథే అనుకోండి. ఇక ఏ ఇంటిపిల్ల అనాలి దాన్ని?

అత్తింట్లో మాత్రం మార్చకుండా ఉంచారా? మాది రెండో మార్కు. ముందు జల్లి చదరంగం గళ్లలా ఉంటుంది. 1975లో మూడో మార్కు వచ్చేసరికి గళ్లు పోయి అడ్డపట్టీలొచ్చాయి. తర్వాత నాలుగోది. 1980 ప్రాంతంలో డీజిలు ఇంజను. 1990 దాటాక కంపెనీవాళ్లే జపానువారి ఇసుజు ఇంజను, అయిదు గేర్లు తెచ్చారు. అంటే మావాడు అడిగిందేమీ అపచారం కాదు, కన్నవాళ్లు చేసిన పనే. ఇది చెప్పగానే వాడు ఎగిరి గంతేశాడు. కానీ కంపెనీవాళ్లు కొత్త కారులో పెట్టడం వేరు, మనం పాత కారు కోసి పెట్టడం వేరు.

ఎందుకంటే, జీపుకీ లారీకీ ఉన్నట్టు అంబాసిడర్‌కి కింద విడిగా చాసిస్ ఉండదు. నేల, తలుపుల కింది గడపలు, నిలువు కమ్మీలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టె. ఆ రేకే దాని ఎముక. ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ కోసినా బలం తగ్గేది మొత్తం పెట్టెకి. కింద గేరు రావాలంటే నేల కొయ్యాలి. మా కారుకి గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది, కింద ఏ అడ్డమూ లేదు. అందుకే ముందు సీటు ఈ చివరినుంచి ఆ చివరికి బల్లలా ఒకటే. కింద గేరొస్తే ఆ సీటు పోతుంది.

నాకు గుచ్చుకుంది అక్కడే. 1974లో కొత్తకోడలిగా నేను కాజీపేట స్టేషనులో దిగినప్పుడు వెనకసీటునిండా పెట్టెలూ ఆడబిడ్డలూ. ముందు సీట్లో మామగారు స్టీరింగు దగ్గర, అత్తగారు తలుపు దగ్గర, మధ్య నేను. హనుమకొండ చేరేదాకా తల ఎత్తలేదు. అంతసేపూ మామగారు గేరు మార్చినప్పుడల్లా "జరంత జరుగు బిడ్డా" అని అత్తగారు నన్ను తనవైపు లాక్కోవడమే నాకు ఆ ఇంటితో మొదటి పరిచయం.

సరే, మన ఏడుపు పక్కన పెడదాం. ఈ తగువు మా ఇంటిదే కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ఓ పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేయమని పురమాయించిన సిల్వర్ ఘోస్ట్. అది చేతికందకముందే 1911లో ఆయన పోయారు. కారు ఏడో నిజాముకి దక్కింది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ వాళ్లు ఇంజను, చాసిస్ మాత్రమే ఇచ్చేవారు. పైపెట్టె మరొకరు కట్టేవారు. దీనికి లండనులో బార్కర్ కంపెనీవారు కట్టారు, వెనక సింహాసనం లాంటి ఎత్తు సీటుతో. మా అల్లుడి లెక్కన ఆ సింహాసనం అసలుదా, మార్పా? అడిగితే ఫోను చూసుకున్నాడు.

అంతదూరం ఎందుకు? మా వీధి దాటితే వేయిస్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించింది. దాని ఎదుట కల్యాణ మంటపం పునాది కుంగి, స్తంభాలు ఒరిగి, 2006లో పురావస్తుశాఖవారు దాన్ని పూర్తిగా విప్పేశారు. ఒక్కొక్క రాయికీ అంకె వేసి దించారు. ఎన్నేళ్లు! మా చిన్నమ్మాయి పెళ్లయింది, దానికి పిల్లలు పుట్టారు, బళ్లోకి పోయారు. ఆ రాళ్లు మాత్రం అలాగే ఎండలో, అంకెలతో. "ఇగ కట్టరు, ఊకె విప్పిండ్రు" అని ఊళ్లో అనని నోరు లేదు. నేనూ అన్నాను. చివరికి 2024 మార్చి 8న, శివరాత్రినాడు తెరిచారు. పనికిరాకుండా పోయిన రాళ్ల స్థానంలో కొత్తవి చెక్కించి పెట్టారు. పాతవి పనికొచ్చినంతవరకు పాతవే. మంటపం కూలేలా ఉందని పైన కాంక్రీటు కప్పు వేసి ఉంటే ఏడాదిలో అయిపోయేది. పద్ధెనిమిదేళ్లు పట్టిందని తిట్టుకున్న నేనే, లోపలికెళ్లి ఆ స్తంభాల నునుపు చేత్తో తడిమాక నోరు మూసుకున్నాను.

కారుకీ గుడికీ పోలికేమిటని మావాడు నవ్వాడు. ఈసారి అల్లుడే నాకు సాయం వచ్చాడు. పాత కట్టడాల మరమ్మతు ఎలా చెయ్యాలో 1964లో వెనిస్‌లో పెద్దలు చేరి కొన్ని నియమాలు రాసుకున్నారు. ఓ పుష్కరం కిందట పాతకార్ల అంతర్జాతీయ సంఘంవారు ఆ నియమాలనే ఆధారం చేసుకుని టూరిన్ పేరుతో తమకో పత్రం రాసుకున్నారట. అల్లుడు గర్వంగా చదివి వినిపించాడు. వింటూ ఉంటే నాకు తమాషా అనిపించింది. కొత్తగా వేసిన ముక్క మొత్తంతో కలిసిపోవాలిగానీ, పాతదే అని ఎవర్నీ మోసం చెయ్యకూడదు. చేసిన మార్పు మళ్లీ విప్పేందుకు వీలుగా ఉండాలి. ఇంకోటి: ఆ వస్తువు బతికిన కాలంలో దానికి జరిగిన మార్పులు కూడా దాని చరిత్రే, ఫ్యాక్టరీ రోజుకి తీసుకుపోవాలని వాటిని చెరిపెయ్యకూడదు. ఈ మూడోది అల్లుడు గబగబా చదివి దాటెయ్యబోయాడు. నేను దాటనివ్వలేదు.

ఇక చట్టం సంగతి. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి, పెరట్లో పాత బండి ఉంటే పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా అదే చెప్పింది. 2021లో కేంద్రం ఇంకో నియమం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటిన సొంత బళ్లకి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరిస్తారు. కొత్తగా రిజిస్టరు చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. పెట్టె, చాసిస్, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. పైగా దాన్ని రోజూ రోడ్డుమీద తిప్పకూడదు.

ఇక్కడ మామగారిని తలుచుకోవాలి. 1980ల్లో పెట్రోలు ధర చూసి భయపడి ఎంతమంది తమ అంబాసిడర్లకి డీజిలు ఇంజన్లు వేయించుకున్నారో మీకు తెలుసు. మా వీధిలోనే ఇద్దరు వేయించారు. మావారూ పట్టుబట్టారు. మామగారు ప్లీడరు, మాట తక్కువ మనిషి. "దాని గుండె దానికే ఉండనీ" అన్నారు, అంతే. పిసినారితనమని అప్పుడు మేం నవ్వుకున్నాం. ఇవాళ ఆర్సీ పుస్తకంలోని ఇంజను నంబరూ, ఇంజనుమీది నంబరూ ఒకటే.

కానీ మావాడు ఒకమాట అడిగాడు. "రోజూ నడపకూడని కారు ఎందుకమ్మా? నడవని కారు కారెలా అవుతుంది? ఏసీ లేకుండా మే నెలలో నిన్ను అందులో ఎక్కించుకుని ఎక్కడికి పోతాను?" దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. వాడిది కొత్తమీద వ్యామోహం కాదు, తాత కారుని వాడుకోవాలన్న ఆశ. బ్రేకుల విషయంలోనూ వాడు చెప్పింది నిజమే. ఆ డ్రమ్ము బ్రేకులు 1968నాటి హనుమకొండ రోడ్డుకి సరిపోతాయి, ఇవాళ్టి చౌరస్తాకి కాదు. అందుకనే వాడి మాటలో సగం విన్నాం. వైరింగు మొత్తం కొత్తది. బ్రేకులు కొత్త లైనర్లతో. రేకు కొయ్యకుండా బోల్టులతో బిగించే సీటుబెల్టులు. ఇంజను మాత్రం పాతదే బోరు చేయించి, పిస్టన్లు మార్పించాం. ముందుసీటు కదలలేదు. అది నేను కదలనివ్వలేదని రాస్తే మావారు ఒప్పుకోరు, తనే చెప్పానంటారు.

ఇంత తేలాక అసలు చిక్కు మిస్త్రీ తెచ్చాడు. ములుగు రోడ్డు అవతల అతని షెడ్డు. టింకరింగు అయ్యి, రంగు వెయ్యబోతూ ఫోను చేశాడు.

"అమ్మా, డాష్‌బోర్డుకు మూడు పొక్కలున్నయి. కంపెనీవి కావు, ఎవరో తర్వాత కొట్టిండ్రు. వెల్డింగ్ పెట్టి మూసెయ్యమంటరా?"

అల్లుడు మూసెయ్యమన్నాడు, ఫ్యాక్టరీలో లేవుగదా అని. కొడుకూ మూసెయ్యమన్నాడు, అక్కడ పాటల పెట్టె బిగిద్దామని. యుద్ధంలో మొదటిసారి ఇద్దరూ ఒకటయ్యారు. నేను మాత్రం చీర మార్చుకుని ఆటో ఎక్కి షెడ్డుకి పోయాను.

ఆ చిల్లులు 1976 వేసవివి. నాకు నెలలు నిండాయి. రోహిణికార్తె ఎండలు. వరంగల్లు ఎండ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆస్పత్రికి తీసుకుపోయి తెచ్చేసరికి నేను వాడిన తోటకూరలా ఉండేదాన్ని. అత్తగారు మామగారికి ఎదురు చెప్పగా అంతకుముందు నేను వినలేదు. "పిల్ల ఉడికిపోతున్నది. కార్ల పంకా పెట్టియ్యుండ్రి" అన్నారు. "మంచి కారుకి చిల్లులు పొడుస్తారా ఎవరైనా?" అన్నారాయన. రెండురోజులు వాళ్లకి మాటల్లేవు. మూడోరోజు ఆయన కోర్టుకి నడిచిపోగానే అత్తగారు కరెంటు పనివాణ్ణి పిలిపించి, పక్కన నిలబడి, చిన్న పంకా బిగింపించారు. మేకులకి రెండు చిల్లులు, తీగకి ఒకటి. సాయంత్రం మామగారు వచ్చి చూశారు. ఏమీ అనలేదు. మీట నొక్కి తిరుగుతోందో లేదో చూసి లోపలికి వెళ్లిపోయారు. అన్నట్టు, ఆ పంకా గాలికి పుట్టినవాడే ఇప్పుడు ఏసీ కావాలంటున్నవాడు.

పంకా ఎప్పుడో పాడైపోయింది. "ఆ మూడూ అట్లనే ఉండనీ" అన్నాను మిస్త్రీతో. అతను నా మొహం చూసి ఇంకేం అడగలేదు. రంగు పడి పూడకుండా మూడింట్లోనూ అగ్గిపుల్లలు గుచ్చాడు.

కారు ఇంటికొచ్చి నెలయింది. కాగితాల పని ఇంకా నడుస్తోంది కాబట్టి గేటు దాటించడం లేదు. మొన్న ఆదివారం పెరట్లోనే స్టార్టు చేశారు. కొడుకు స్టీరింగు దగ్గర, నేను తలుపు దగ్గర, మధ్యలో మనవరాలు. అది డాష్‌బోర్డు తడిమి, చిల్లులు చూసి, "నాన్నమ్మా, ఇక్కడ నా ఫోను స్టాండు బిగిద్దామా? సరిగ్గా సరిపోతుంది" అంది. బయట నిలబడ్డ అల్లుడు తల పట్టుకున్నాడు. మావాడు గేరు వెయ్యబోయాడు.

"జరంత జరుగు బిడ్డా" అని దాన్ని నావైపు లాక్కున్నాను.