నందంపూడి శాసనం: ప్రశస్తిలో అతిశయోక్తి – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పడం కొందరికి స్వభావం. శాసనకవికి మాత్రం అది వృత్తిధర్మం. ఆ మాటలను ఏ మేరకు చరిత్రగా స్వీకరించాలన్నదే పరిశోధకుని ముందున్న ప్రశ్న. రాజరాజనరేంద్రుడు తన 32వ పాలనా సంవత్సరంలో, అంటే సుమారు 1053లో, నారాయణభట్టుకు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనకర్త నన్నయభట్టు. అందులోని ‘రెండేరుల నడిమి విషయం’ నేటి కోనసీమ ప్రాంతమే. కనుక ఈ సీమ చరిత్రకు ఆ శాసనం ముఖ్యాధారం.

2. ప్రశస్తి పెరిగిన తీరు

తొలినాటి తూర్పు చాళుక్య శాసనాలు తమది మానవ్యస గోత్రమనీ, తాము హారీతీపుత్రులమనీ చెప్పుకొని, కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుగా రాజుల పాలనాకాలాలను లెక్కిస్తాయి. అక్కడా అతిశయోక్తి లేకపోలేదు. రెండవ విజయాదిత్యుడు 12 ఏళ్లలో 108 యుద్ధాలు చేశాడనీ, 108 శివాలయాలు కట్టించాడనీ శాసనాలు చెబుతాయి. అదే రాజు పాలనాకాలాన్ని కొన్ని 40 ఏళ్లనీ, కొన్ని 44 అనీ, మరికొన్ని 48 అనీ పేర్కొంటాయి. ఏలిన ఏళ్ల లెక్క మారినా 108 మాత్రం నిలిచింది. పవిత్రసంఖ్య కీర్తిని తెలుపుతుందే తప్ప గణాంకాన్ని కాదు.

విమలాదిత్యుని కాలం నుండి ప్రశస్తి స్వరూపమే మారింది. విష్ణునాభికమలంతో మొదలైన వంశావళి చంద్రుని మీదుగా సాగి, అయోధ్యలో 59 మంది చక్రవర్తులను నిలిపింది. ఆ వంశజుడైన విజయాదిత్యుడు దక్షిణానికి వచ్చి త్రిలోచనపల్లవునితో పోరాడి మరణించగా, గర్భవతియైన రాణిని ముడివేము అగ్రహారంలో విష్ణుభట్టసోమయాజి కాపాడాడట. రాజరాజు కోరుమిల్లి శాసనంలోనూ ఈ కథ ఉంది.

3. కారణాలు

ఈ పెంపు యాదృచ్ఛికం కాదు. వేంగి 27 ఏళ్లు రాజు లేక ఉన్నదని ఆ శాసనాలే చెబుతున్నాయి. చోళ రాజరాజు అండతో శక్తివర్మ సింహాసనం తిరిగి పొందాడు. అతని తమ్ముడు విమలాదిత్యుడు చోళ రాజకుమారి కుందవ్వను వివాహమాడాడు. రాజరాజనరేంద్రునికి సవతి సోదరుడు విజయాదిత్యునితో వారసత్వపు పోరు తప్పలేదు. సూర్యవంశీయులమని చెప్పుకొనే చోళుల సరసన నిలవడానికి చంద్రవంశ గౌరవం అవసరమైంది. సింహాసనం కదిలినకొద్దీ వంశవృక్షం పైకి పెరిగింది.

ఇందులో ప్రతిగ్రహీతల ప్రయోజనమూ ఉంది. రాజవంశాన్ని నిలిపినది ఒక అగ్రహారమే అన్న కథ, అగ్రహారాలిచ్చే శాసనాలలోనే చేరడం గమనార్హం.

4. ముగింపు

అదే తామ్రపత్రంలో దానభాగానికి వచ్చేసరికి భాష అణకువ వహిస్తుంది. గోత్రం, గ్రామం, ఎల్లలు ఉన్నవి ఉన్నట్లుగా కనిపిస్తాయి. రేపు తగవు వస్తే తేల్చవలసినది ఆ వాక్యాలే. కనుక 59 మంది చక్రవర్తులను యథార్థంగా ఎత్తి రాసే స్థలచరిత్ర ఎంత లోపభూయిష్ఠమో, అతిశయోక్తి ఉన్నదని శాసనాన్నంతా తోసిపుచ్చడమూ అంతే. దానభాగం జరిగినదానికి సాక్ష్యం. ప్రశస్తి, ఆనాటివారు లోకం నమ్మాలని కోరుకొన్నదానికి సాక్ష్యం. ఈ రెంటినీ వేరుచేసి చదివినప్పుడే కోనసీమ తొలి చరిత్రకు గట్టి పునాది ఏర్పడుతుంది.