పరపతి

ఋణార్థియగు మనుష్యుని విశ్వాసపాత్రతను 300 మొదలు 900 వఱకు గల యొక సంఖ్యలో నిమిడ్చి చూపు సిబిల్ సంస్థ 2000వ సంవత్సరమున వెలసినది గాని, ఆ విచారణ మన పల్లెలకు క్రొత్తది కాదు. దానికి పరపతి యని పేరు. ప్రామిసరీ నోటునకు మూడేండ్లకు కాలదోషము పట్టును గనుక, ఆ గడువు దాటకమునుపే ఋణస్థుడు షావుకారు అరుగునకు వచ్చి, కొంత వడ్డీ చెల్లించి, నోటు వెనుక స్వహస్తముతో చెల్లు వ్రాసి సంతకము పెట్టుచుండెను. అట్టి చెల్లులతో వీపు నిండిన నోటు నేటి ఋణచరిత్రకు ముత్తాత. షావుకారునకు అసలు తీఱుటకంటె వడ్డీ సాగుటయే ప్రియమనుట వేఱు మాట.

1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము ఈ పరీక్షను అరుగుమీదినుండి ఊరి నడుమకు దెచ్చెను. కనీసము పదుగురు కూడి స్థాపించుకొనిన గ్రామసంఘమున బాధ్యత అపరిమితమగుటచే, ఒకడు ఎగవేసిన బాకీకి తక్కినవారి ఆస్తులును పూచీపడవలసియుండెను. కావున అప్పడిగినవాని పొలమెంత, పాతబాకీలెన్ని, పంట చేతికి వచ్చిననాడు వాడు ముందుగా ఎవరి వాకిటికి పోవును అను సంగతులను ఇరుగుపొరుగువారే తూచవలసివచ్చెను. ఆ త్రాసును కులమును పలుకుబడియును తఱచు వంచుచుండెననుటలో సందేహము లేదు.

2005వ సంవత్సరపు ఋణసమాచార సంస్థల చట్టము వలన, తన నివేదికను తెప్పించి చూచుకొని, అందలి తప్పులను దిద్దుమని కోరు హక్కు ఋణగ్రహీతకు లభించినది. షావుకారు చిట్టా ముందు నిలిచిన రైతునకు ఆపాటి హక్కును తఱచు దక్కెడిది కాదు.