తీరరేఖకు సాక్ష్యము

మన కులస్థులలో తీరగ్రామవాసు లనేకులు. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడ మొదలగు గ్రామములకు పోయినచో, వృద్ధులు అలలవైపు చేయి చాచి తమ పాతవీధి, పాతగుడి యెచట నుండెడివో చూపుదురు. నేల సముద్రములో కలిసినను దాని పట్టా పెట్టెలో నిలిచియుండును. అట్టి నేలను గూర్చి కచేరిలో విచారణ వచ్చినపుడు, వృద్ధుని జ్ఞాపకమునకు లభించు విలువ యెంత? ఈ ప్రశ్నను మనసున నుంచుకొనియే తీరరేఖను కొలిచిన చరిత్రను విన్నవించుచున్నాను.

గోదావరీముఖమున వర్ధిల్లిన కోరంగి రేవు 1789లోను, మరల 1839లోను ఉప్పెనల పాలైనది. ఆ వృత్తాంతము మనకు వ్రాతల మూలముననే తెలియును. ముందొకనాడు గట్టు ఎచట నుండెనో, తరువాత ఎచటికి జరిగెనో ప్రక్కప్రక్కన చూపు చిత్రములు లేవు. 1802లో లాంబ్టన్ దొర మదరాసు చెంత పరంగికొండకడ ఆధారరేఖను కొలిచిన పిమ్మట దేశమంతటికిని నమ్మదగిన పటములు క్రమముగా ఏర్పడినవి. అయితే ఒకసారి గీచిన పటమును మరల సవరించుటకు ఏండ్లు పట్టును. సముద్రము అంతకాలము ఆగదు.

ఆ లోటును తీర్చినది ఉపగ్రహము. అమెరికావారి మొదటి లాండ్‌శాట్ 1972లోను, మన ఐ.ఆర్.ఎస్. 1ఎ 1988లోను ఆకాశమున కెక్కినవి. కంటికి కానరాని పరారుణకాంతిని నీరు మ్రింగివేయును, నేల ప్రతిఫలింపజేయును. కావున చిత్రమున నీరు నల్లగాను, గట్టు తెల్లగాను విడివడి కనుపించును. వేర్వేరు సంవత్సరముల గట్టులను ఒకే పటముపై పరచి, సమానదూరములలో అడ్డగీతలు గీచి, జరిగిన దూరమును గడచిన యేండ్లచే భాగించిన, ఏటికి నష్టమెంతయో తేలును. తొలి చిత్రములలో ఒక్కొక్క చుక్క సుమారు 80 మీటర్ల నేల. 2015 నుండి వచ్చుచున్న సెంటినెల్ చిత్రములలో 10 మీటర్లు. ఇచట నొక జాగ్రత్త వలయును. ఒక చిత్రము పోటువేళ, మరియొకటి ఆటువేళ తీసినదైనచో, పల్లపు తీరమున లేని కోతయు ఉన్నట్లు తోచును. ఒక్క జత చిత్రములను చూపి ఊరు మునిగినదని కేకలు వేయువారిని నమ్మరాదు. ఏమియు కాలేదనువారిని అంతకంటె నమ్మరాదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన కె. నాగేశ్వరరావుగారును వారి సహచరులును ఇట్లు పరిశీలించి, కృష్ణా గోదావరీ డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున 1965 మొదలు 2008 వరకు నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోయినదని తేల్చిరి. 1990కి పూర్వము ఏటికి 1.39 చదరపు కిలోమీటర్లు పోగా, అటు తరువాతి దశాబ్దమున 2.32కు పెరిగినది. కారణము ఎగువ జలాశయములలో ఒండుమట్టి నిలిచిపోవుటయే యని వారి నిర్ణయము. కాటనుదొర ధవళేశ్వరపు ఆనకట్టకు మన జిల్లాలవా రెంతయో ఋణపడియున్నారు, నిజమే. కాని పొలమునకు నీరు నిలువజేసిన కట్టడములే గట్టునకు మట్టి నాపుచున్నవని చెప్పక తప్పదు.

ఉప్పాడ కథ కొంత వేరు. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరముగా సాగి, సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ తిన్నెగా మేటవేసినది. ఆ తిన్నె కాకినాడ రేవును అలలనుండి కాపాడుచున్నది; దాని కావలనున్న ఉప్పాడకు రావలసిన ఇసుక మాత్రము ఆగిపోవుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పు కారణములలో నొకటి. ఒకరి మేట మరియొకరి కోత యైనపుడు, కోతపడినవారి పక్షమున లెక్కలు చూపువా రుండవలదా?

లాండ్‌శాట్ పాతచిత్రములు 2008 నుండి ఎల్లరకు ఉచితముగా లభించుచున్నవి. వానిలో గట్టు కనుపించును గాని వీధిపేరు కనుపించదు. కావున ప్రతి తీరగ్రామమునందును పెద్దలు జీవించియుండగనే పాతబావి, గుడి, రేవు, వలలారవేయు మిట్ట ఎచట నుండెనో అడిగి, పేరు, దిక్కు, దూరము, పోయిన సంవత్సరము వ్రాసి యుంచవలెనని నా మనవి. ఆ వ్రాత యున్నచో చిత్రములు చదువనేర్చిన మన యువకులు వానిని పటమున గుర్తింపగలరు.