బీచ్ రోడ్డుకు ఇవతల: విశాఖ తీరంలో కన్వెన్షన్ సెంటర్ రూపకల్పన

విశాఖపట్నంలో పెద్ద సదస్సు తలపెడితే ముందుగా లేచేవి తాత్కాలిక మండపాలు. 2016 జనవరిలో సీఐఐ భాగస్వామ్య సదస్సుకు బీచ్ రోడ్డులోని ఏపీఐఐసీ మైదానంలో వేశారు. 2023 మార్చిలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సుకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల మైదానంలో వేశారు. శాశ్వత భవనానికి ప్రయత్నం జరగకపోలేదు. లులు సంస్థ కన్వెన్షన్ సెంటర్‌కు 2018 ఫిబ్రవరిలో శంకుస్థాపన అయింది. ప్రభుత్వం మారాక 2019 అక్టోబరులో దానికిచ్చిన 13.83 ఎకరాల కేటాయింపు రద్దయింది. భూమి ఎవరికి, ఎంతకు అన్న వాదనలో, అక్కడ లేచే కట్టడం ఊరివైపు తిరిగి ఉంటుందా, ఊరికి వీపు పెడుతుందా అన్న ప్రశ్న వెనకబడింది. ఈ వ్యాసానికి పట్టినది ఆ ప్రశ్నే.

ముందు చట్టం. తీరప్రాంత నియంత్రణ మండలం తొలి ప్రకటన 1991లో వచ్చింది. తరువాత 2011లో, 2019లో కొత్తవి వచ్చాయి. అప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ తీరం రెండో తరగతి కిందికి వస్తుంది. అక్కడ కొత్త భవనాన్ని ఉన్న రోడ్డుకో, అనుమతి పొందిన పాత కట్టడాల వరుసకో నేలవైపునే కట్టాలి. అంటే విశాఖలో సముద్రానికీ సభామందిరానికీ నడుమ బీచ్ రోడ్డు ఎప్పటికీ ఉంటుంది. తీరాన సదస్సు భవనం అనగానే వాస్తుశిల్ప విద్యార్థులు 2009లో పూర్తయిన వాంకూవర్ పశ్చిమ భవనాన్ని చూపిస్తారు. ఆరెకరాల పచ్చిక కప్పుతో, కొంతభాగం నీటిలో దిగిన స్తంభాల మీద నిలిచిన ఆ కట్టడం చూడముచ్చటైనదే. కానీ అది కొండల చాటున్న ఇరుకు జలమార్గం ఒడ్డున ఉంది. మనది చాటు లేని బంగాళాఖాతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విమానాశ్రయం కప్పూ అద్దాలూ ఏమయ్యాయో విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. నేల నుంచి కప్పు దాకా అద్దం గోడ అనే మోజును ఇక్కడ వదులుకోవాలి. లోతైన వరండా, దాని వెనక చిన్న పలకల కిటికీలు, తుపాను హెచ్చరిక రాగానే దించే షట్టర్లు మేలు.

ఉప్పుగాలి మరో లెక్క. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, తీరానికి దూరంగా ఉన్న ఊళ్లో, జడివాన నేరుగా తగలని కాంక్రీటులో ఇనుము మీద 30 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు) సరిపోతుంది. సముద్రపు తుంపర తగిలే చోట 50 కావాలి. ఖర్చు తగ్గించే ప్రతి సమావేశంలోనూ ముందుగా గండిపడేది ఇలాంటి కంటికి కనిపించని కొలతలకే.

అసలు చిక్కు సభామందిరం స్వభావంలోనే ఉంది. తెర మీద బొమ్మ కనబడాలి, మాట ప్రతిధ్వనించకూడదు. కాబట్టి ప్రధాన హాలుకు కిటికీలు ఉండవు. సముద్రం ఎదురుగా ఉన్నా లోపల కూర్చున్నవారికి కనిపించదు. కనిపించేది టీ విరామంలో జనం నిలబడే ముందుశాల నుంచే. అందువల్ల సాధారణంగా ముందుశాలను సముద్రం వైపు, లారీలు సరుకు దించే పెరడును ఊరివైపు పెడతారు. ఊరికి మిగిలేది జనరేటర్ల మోత, చెత్తడబ్బాలు, ప్రహరీ. నా ప్రతిపాదన వేరు. సరుకు దారిని పక్కకు, వీలైతే నేల కిందికి తొయ్యాలి. హాలును ఒక అంతస్తు పైకెత్తి, కింద స్తంభాల నడుమ నీడగల నేలను వీధికి వదలాలి. పాండురంగాపురం లాంటి పేటల్లో విశాఖ వీధులు వాలుగా తీరానికి దిగుతాయి. ఆ వాలులో హాలు అంతస్తుకు ఎగువ వీధి నుంచి నేరుగా నడిచి చేరవచ్చు, దిగువన సముద్రగాలి ఊళ్లోకి పారుతుంది.

అప్పటికీ రోడ్డు మిగులుతుంది. పాదచారుల వంతెన కట్టేస్తే సరిపోతుందనే ఇంజనీర్లతో నాకు పేచీ ఉంది. చంకలో బిడ్డతో, పక్కన మోకాలి నొప్పుల తల్లితో వచ్చినవారు మెట్లెక్కరు. బీచ్ రోడ్డులో కొంతమేర తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదలడం విశాఖకు అలవాటే. ఆ కాసేపట్లో ఊరూ సముద్రమూ ఏ కట్టడం సాయమూ లేకుండా కలుస్తాయి. భవనం ఎదుట రోడ్డును కాలిబాట ఎత్తుకు లేపి, వేగం తగ్గించి, సాయంత్రాలకూ ఆ ఏర్పాటును పొడిగించడం వంతెన కన్నా చవక.

అయితే నక్షాలో గీసిన దారికి నిర్వాహకుడు గేటు పెట్టి తాళం వేస్తే అడిగే దిక్కుండదు. కింది నేల రోజుకు ఎన్ని గంటలు అందరికీ తెరిచి ఉండాలో, సదస్సు రోజుల్లో ఎంత మేర మూయవచ్చో భూమి కేటాయింపు ఒప్పందంలోనే షరతులుగా రాయాలి.